నర్సు ఆంటీ మీద నేను గెలిచిన వాదన

నర్సు ఆంటీ గుండెపోటుతో పోయారన్న కబురు సోమవారం ఉదయం, తరగతిలో ఉండగా ఫోన్‌కి వచ్చింది. ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది. ఇక మీకే చెప్పుకోవాలి.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లోని మా తెలుగు చర్చిలో ఇండియా వెళ్లేవారిని ముందుకు పిలిచి ప్రయాణ ప్రార్థన చేస్తారు. "ఆమెన్" అనగానే ఆంటీ దారి కాసేవారు. ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసిన మనిషి. "ప్రార్థన అయింది. మరి మలేరియా మాత్రలు? టైఫాయిడ్ టీకా? దోమల మందు?"

నిరుడు వేసవిలో నా వంతు వచ్చింది. కాలేజీ డిబేట్ జట్టులో ఆరితేరిన గర్వంతో అందరి ముందూ వాదించాను. "నేను రంపచోడవరంలో పుట్టాను ఆంటీ. ఆ దోమలు కుట్టగా పెరిగిన ఒళ్లిది. మాత్రలు టూరిస్టులకి."

"కొన్నేళ్లు ఇక్కడుంటే ఆ రక్షణ తగ్గిపోతుంది లాయరమ్మా. దోమకి నీ బర్త్ సర్టిఫికెట్ చూపిస్తావా?"

"చూపిస్తాను. మా ఊరి దోమ కదా, గుర్తుపడుతుంది!"

చప్పట్లు నాకే.

తిరిగొచ్చిన పన్నెండో రోజున చలి మొదలైంది. రెండు దుప్పట్ల కింద పళ్లు టకటకలాడాయి. ఆపైన జ్వరం, ఆపైన పరుపు తడిసేంత చెమట. ఫ్లూ అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆంటీ నంబరు తీసి, పక్కన పెట్టి, మళ్లీ తీశాను. ఫోన్ చేస్తే ఓడినట్టే. మూడు రోజులు నా గెలుపే నన్ను ఆ గదిలో పెట్టి తాళం వేసింది.

చివరికి రూమ్మేట్ ఫోన్ చేస్తే ఆంటీయే వచ్చారు. ఒక్క మాట దెప్పలేదు. ఎమర్జెన్సీలో మాత్రం నా భుజం తట్టి, "జ్వరంతో వెళ్తే మొదటి మాట ఎక్కడికి వెళ్లొచ్చావో చెప్పాలి. ఇండియా వెళ్లొచ్చానని చెప్పు. మలేరియాకి రక్తపరీక్ష అడుగు" అన్నారు. అడిగాను. మలేరియాయే. "ఇంకో రోజు ఆగి ఉంటే..." అంటూ డాక్టర్ ఆగిపోయారు.

ఆ సంగతి ఆంటీ చర్చిలో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అందుకే నా వాదన అక్కడ బతికే ఉంది. నిన్న ఆమె సంస్మరణ కూడికలో, వచ్చే నెల పిల్లలతో మన్యం వెళ్తున్న ఒక అన్నయ్య నవ్వుతూ, "మనకి మాత్రలెందుకమ్మా? నువ్వే చెప్పావుగా!" అన్నాడు.

"తప్పు చెప్పాను అన్నయ్యా. నాకే మలేరియా వచ్చింది. రేపే డాక్టర్‌ని కలవండి. తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులూ మాత్రలు మానకండి" అన్నాను, హాలంతా వినబడేలా.

ఆ మాట ఆంటీతో అనడానికి ఒకే ఒకసారి ప్రయత్నించాను. ఆస్పత్రిలో రెండో రోజు, నా చేతికి సెలైన్ ఉంటే ఆమె గంజి తాగిస్తున్నారు. "ఆంటీ, తప్పు..." అని నోరు తెరిచాను. చెంచా లోపలికి వచ్చింది. మింగి మళ్లీ తెరిచాను. మళ్లీ చెంచా. ఆమె నా ముఖం వైపు చూడడం లేదు. గిన్నె అడుగున మిగిలిన మెతుకులను శ్రద్ధగా ఒక పక్కకు పోగుచేస్తున్నారు.