పక్కింటి ఫేజు

ఆటోసేవ్, విడి డిస్కులో కాపీ, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ: మూడూ ఉన్నాయి. అయినా నిన్న కరెంటు పోయి యూపీఎస్ కూయగానే నా చూపు కిటికీలోంచి పక్కింటి వైపు పోయింది.

హనుమకొండలో నా ఏడో ఏట కూడా ఇదే కూత. మర్నాడు కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టును అక్క ఇంట్లో టైపు చేస్తోంది. కరెంటు పోయింది. పాత బ్యాటరీ కావడంతో యూపీఎస్ రెండుసార్లు కూసి ఊరుకుంది, స్క్రీన్ నల్లబడింది.

“సేవ్ జేయలే! పొద్దటి సంది కొట్టిందంత పోయింది!”

“ఏడికి పోయిందక్కా?”

“కరెంటెంబడి పోయింది. సతాయించకు.”

నాకు కాలు నిలవలేదు. పక్కిల్లు వేరే ఫేజు, వాళ్ల టీవీ మోగుతూనే ఉంది. కరెంటు అక్కడుందంటే పేజీలూ అక్కడికే చేరి ఉంటాయి. గోడ దగ్గరికి ఉరికాను.

“పెద్దమ్మా, మా అక్క రాసిన పేజీలు మీ టీవీలకొచ్చినయా?”

సంగతంతా విని పక్కింటి పెద్దమ్మ పగలబడి నవ్వింది. “నా సీరియల్ దప్ప ఏం రాలే బిడ్డా. పేజీలు లేవు గని కరెంటున్నది. జర ఈ వైరు పట్టు,” అంటూ ఎక్స్‌టెన్షన్ బాక్సును గోడ మీదుగా అందించింది.

అక్క కళ్లు తుడుచుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అంతలో పక్కింటి టీవీ ఆగిపోయింది. పేజీలన్నీ ఆ వైరులోంచి మా ఇంటికి తిరిగొస్తున్నాయనుకుని సంబరపడ్డాను.

మా కంప్యూటరు లోడుకు ఫ్యూజు పోతుందేమోనని ఆమె తన సీరియల్ ఆపుకుందని, ఇంజనీరింగ్‌లో లోడు లెక్కలు చేస్తున్నప్పుడు గానీ నాకు తట్టలేదు.