ఊ కొట్టని తరగతి

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ నెలలో, మా యాజమాన్యం నన్ను హిందూపురం కాలేజీ నుంచి పెనుకొండలోని తమ డిగ్రీ కాలేజీకి తెలుగు శాఖాధిపతిగా బదిలీ చేసింది. కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. శాఖాధిపతి అంటే పెద్ద హోదా అనుకునేరు. ఆ శాఖలో ఉన్నది నేనూ, గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేసే రూతమ్మ అనే అమ్మాయీ, అంతే. పొద్దున్నే హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కి పెనుకొండలో దిగడం, సాయంత్రం రైలో బస్సో ఏది ముందు దొరికితే అది పట్టుకుని ఇంటికి రావడం. రిటైరయ్యేదాకా నా దినచర్య ఇదే.

గెస్ట్ ఫ్యాకల్టీ అనే మాట బయటివాళ్లకు గౌరవంగా వినిపిస్తుంది. అసలు సంగతి వేరు. చెప్పిన పీరియడ్లకే జీతం. వేసవి సెలవులకు ఏమీ రాదు. ఏటా ఆ ఉద్యోగాన్ని మొదటి నుంచి మళ్లీ సంపాదించుకోవాలి. అందుకోసం విద్యాసంవత్సరం చివర డెమో పెడతారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ చూస్తుండగా ఒక పీరియడ్ పాఠం చెప్పాలి. ఆయన మార్కులు వేస్తారు, ప్రిన్సిపాల్ సంతకం పెడతారు. శాఖాధిపతి పక్కన కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు, విప్పితే డెమో చెల్లదు. బెల్లం మండీలో బేరాల మధ్య పుట్టి పెరిగిన నాలాంటి మనిషికి నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను.

రూతమ్మది పరిగి దగ్గర పల్లె. వాళ్ల నాయన కూలికి పోతాడు, ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాటలు పాడిస్తాడు. ఆ ఇంట్లో పీజీ దాకా చదివింది ఆమె ఒక్కతే. మనిషి సన్నగా ఉండేది, మాట అంతకంటే సన్నగా ఉండేది. మొదటి వారం ఆమెను చూసి, ఈ అమ్మాయి మా పిల్లల్ని ఎట్లా అదుపులో పెడుతుందో అని బెంగపడ్డాను.

ఆ ఏడాదే బీఏ రెండో సంవత్సరానికి ఒక కొత్త ఎలెక్టివ్, అంటే ఐచ్ఛిక పేపరు, వచ్చింది. ప్రపంచ సాహిత్యంలోని ప్రక్రియలు, మూలాంశాలు దాని విషయం. ప్రక్రియలంటే కావ్యం, నాటకం, గజల్, హైకూ, జానపద కథ వంటి రూపాలు. మూలాంశాలంటే ఆ రూపాల లోపల ఉండే ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, కథను ఎవరి కళ్లతో చూస్తున్నామనే దృష్టికోణం. సిలబస్ కాగితంలో గ్రీకుల నాటకం నుంచి జపాను పద్యం దాకా అన్నీ ఉన్నాయి, పాఠ్యపుస్తకం మాత్రం లేదు. ఇలాంటి పేపర్లు ఎవరి నెత్తిన పడతాయో ఉద్యోగాలు చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ప్రిన్సిపాల్ దాన్ని రూతమ్మకు కేటాయించారు.

మా పిల్లలకు కావలసింది నోట్స్. నిర్వచనం ఒకటి, లక్షణాలు కొన్ని, చివర ముగింపు. బట్టీ కొట్టి రాస్తే మార్కులు వస్తాయి, పరీక్ష అయిన మర్నాడు ఏమీ మిగలదు. విషాదాంత నాటకం అంటే ఏమిటని నేను అడిగితే "హీరో చచ్చిపోయేది మేడమ్" అని ఒకడు జవాబిచ్చాడు. "ఇంటర్వెల్‌కు ముందే చచ్చిపోతే?" అని వాడి పక్కవాడు అడిగాడు. అడిగినవాడికి నిజంగానే సందేహం వచ్చిందని ముఖం చూస్తే తెలిసింది.

రూతమ్మ నోట్స్ చెప్పలేదు. కథలతో మొదలుపెట్టింది. ఆఫ్రికాలో చాలాచోట్ల కథ చెప్పే మనిషి ఒక మాట అంటే వినేవాళ్లంతా గట్టిగా బదులిస్తారని, ఆ బదులు కూడా కథలో భాగమేనని చెప్పి, మన దగ్గర అట్లాంటిది ఏమన్నా ఉందా అని అడిగింది. ఎవరూ నోరు విప్పలేదట. ప్రపంచ సాహిత్యం అనే పేపర్లో తమ ఇంటి సంగతి రావచ్చని వాళ్లకు ఎవరు చెప్పారు గనక. చివరికి లేపాక్షి నుంచి వచ్చే నాగవేణి లేచి నిలబడింది.

"మా అవ్వ కథ చెప్పేటప్పుడు మేము ఊ కొట్టల్ల మేడమ్. కొట్టకపోతే నిద్రపోయినామని ఆడికే ఆపేస్తాది. మళ్ల ఎంత అడిగినా చెప్పదు."

తరగతంతా నవ్వింది. రూతమ్మ మాత్రం ఆ మాటను పట్టుకుంది. మర్నాటి నుంచి ఆ గదిలో ఊ కొట్టడం పాఠంలో భాగమైపోయింది.

ఈ సంగతి నాకు తెలిసింది పక్క గదిలో పాఠం చెప్పే కామర్స్ సార్ ఫిర్యాదు వల్ల. ఆ గదిలోంచి రోజూ ఊ ఊ అని వినపడుతోందని, తన పిల్లలు కూడా ఖాతాల పాఠానికి ఊ కొట్టడం మొదలుపెట్టారని ఆయన గోల. వెళ్లి చూశాను. రోజుకొకరికి ఊ కొట్టే వంతు. రూతమ్మ కథ చెబుతుంటే ఆ మనిషి ఊ అంటూ ఉండాలి. ధ్యాస పక్కకు పోయి ఊ తప్పిందా, ఆమె అక్కడే ఆగిపోతుంది. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. ఇక్కడే ఎందుకు తప్పింది? కథ నీరసపడిందా? మాట్లాడుతున్నది ఎవరో తెలియలేదా? జరగబోయేది ముందే తెలిసిపోయిందా? ఇతివృత్తంలో బిగువు ఎక్కడ సడలిందో పిల్లలే వేలు పెట్టి చూపించేవారు. అనుమానంగా అనే ఊ, భయపడుతూ అనే ఊ, 'ఇది నాకు తెలుసులే' అనే ఊ, అన్నిటినీ వాళ్ల చేతనే బోర్డు మీద రాయించేది.

ప్రక్రియలను కూడా ఆ దారిలోనే చెప్పింది. గజల్‌లో మెచ్చుకోలు ప్రతి రెండు పాదాలకు ఒకసారి వస్తుంది, అది రాకపోతే చదివేవాడికి ముందుకు పోవడం కష్టం. హైకూలో మధ్యలో ఊ కొట్టడానికి చోటే లేదు. అయిపోయాక కాస్త ఆగి అప్పుడు అనాలి. ధర్మవరం నుంచి వచ్చే మగ్గాల ఇంటి పిల్లవాడు దాన్ని ఒంటి బుటా వేసిన చీరతో పోల్చాడు. చుట్టూ ఖాళీ ఉంటేనే బుటా కనపడుతుందని వాడి లెక్క. విషాదాంత నాటకం చివరి ఘట్టం చదివిన రోజు వంతు నాగవేణిది. సగంలో ఆమె ఆగిపోయింది. ఏమైందని అడిగితే, "ఏమి జరగబోతాందో మనకు తెలుసు, ఆయప్పకు తెలీదు. ఎట్ల కొట్టల్ల మేడమ్ ఊ?" అంది.

ఆ ప్రక్రియ గురించి అంతకంటే దగ్గరి మాట నా సర్వీసులో ఏ విద్యార్థి నోటా వినలేదు. ఆ సాయంత్రం రైల్లో ఇంటికి వస్తుంటే నాకు చాలా సంతోషంగా అనిపించింది. కామర్స్ సార్‌కు మాత్రం తలుపు వేసుకోమని సలహా ఇచ్చాను.

మార్చిలో డెమో తేదీ వచ్చింది. ఎక్స్‌పర్ట్‌గా ధర్మవరం నుంచి విశ్వనాథం గారు వస్తున్నారని తెలిసింది. ఆయన విద్వత్తును ఎవరూ కాదనరు. తరగతిలో గుసగుస వినపడితే చాలు, మార్కులకు కోత పెడతారని కూడా పేరుంది. రూతమ్మ ఆ కబురు విని స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చుంది. "ఈ తూరి రాకపోతే గార్మెంట్స్‌లోకి పోతా మేడమ్. నాయన ఆడ సూపర్‌వైజర్ పని మాట్లాడి పెట్టినాడు. నెలనెలా దుడ్లొస్తాయి, ఇంట్లో వాళ్లకు గూడా నమ్మకంగా ఉంటాది" అంది. ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. మామూలుగానే చెప్పింది. ఆమె పోతే పేపరు కూడా పోతుంది, చెప్పేవాళ్లు లేరని పిల్లల్ని వేరే ఎలెక్టివ్‌లోకి తోసేస్తారు. ఆమె పోకూడదని నా స్వార్థం కొద్దీ కూడా కోరుకున్నాను.

మా ప్రిన్సిపాల్ మంచాయనే, కానీ పిరికి. డెమో ముందు రోజు, మా ఇద్దరికీ చెప్పకుండా, ఆ తరగతికి వెళ్లి పిల్లలకు తాఖీదు ఇచ్చారు. తర్వాత పిల్లలు చెప్పగా విన్న మాటలివి: "రేపు పెద్ద సార్ వస్తాండారు. ఆ ఊ ఊ అనేదంతా బందు. అందరూ గమ్మునుండల్ల. మీ మేడమ్ ఉద్యోగం మీ చేతిలో ఉండాది." చివరి మాటతో పిల్లలు పూర్తిగా బిగుసుకుపోయారు. నోరు తెరిస్తే తమ మేడమ్ కొంప మునుగుతుందని నమ్మారు.

మర్నాడు విశ్వనాథం గారూ నేనూ తరగతిలో ఒక పక్కగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. జానపద కథలో ఇతివృత్తం, శ్రోత పాత్ర అనేది పాఠం. ఉదాహరణకు రూతమ్మ తానే ఒక కథ అల్లుకుంది. వానలు కురవని ఊరి నుంచి మేఘాన్ని పిలుచుకు రావడానికి ఒక తాబేలు బయలుదేరుతుంది. ఆ రోజు కూడా ఊ కొట్టే వంతు నాగవేణిదే.

రూతమ్మ మొదటి వాక్యం చెప్పి నాగవేణి వైపు చూసింది. నాగవేణి తల వంచుకుంది. రెండో వాక్యం చెప్పింది. ఎవరూ కదల్లేదు. "తాబేలు కొండెక్కి, మేఘం ఇంటి తలుపు తట్టింది" అని చెప్పి, ఆగిపోయింది.

ఏడాది పొడుగునా ఊ తప్పితే ఆగడం అలవాటైన మనిషి. ఎందుకు తప్పిందో ఆమెకు తెలియదు. కథ చెడిందనుకుని ముఖం తెల్లబోయింది. పిల్లలేమో ఆమె కోసమే పెదవులు బిగించుకుని కూర్చున్నారు. నాకు విషయం అప్పటికి తెలియకపోయినా, ఒక్క ఊ అంటే ఆమె గట్టెక్కుతుందని మాత్రం అర్థమైంది. ఆ ఊ నా గొంతు దాకా వచ్చింది. నేను అంటే డెమో రద్దు. చీర కుచ్చెళ్లు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.

విశ్వనాథం గారు గడియారం చూశారు. కాగితం మీద ఏదో రాయబోయి, పెన్ను ఎత్తి, కొంచెం విసుగ్గా, "ఊ. తట్టింది. తర్వాత?" అన్నారు.

ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపుకుందామని చూశారు గానీ ఆగలేదు, తరగతి మొత్తం పగలబడి నవ్వింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, "ఏమప్పా, ఏముండాది దీంట్లో నవ్వేదానికి?" అని అడిగారు. నాగవేణి లేచింది. "మీరు ఊ కొట్టినారు సార్. మమ్మల్ని కొట్టొద్దన్నారు" అంది. ఎవరన్నారని ఆయన అడిగితే ఆమె పేరు చెప్పలేదు. కానీ తరగతిలో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి. ప్రిన్సిపాల్ గారు అప్పటికే వరండాలోకి జారుకుంటున్నారు.

ఇదంతా ఏమిటని విశ్వనాథం గారు రూతమ్మను అడిగారు. ఆమె గొంతు ఎప్పటిలాగే సన్నగా ఉంది, తడబాటు మాత్రం లేదు.

"ఇప్పుడు చెప్పబోయే పాఠం ఇదే సార్. తలుపు తట్టిన తర్వాత ఏమైందో మీకు తెలుసుకోవాలనిపించింది. అందుకే అడిగినారు. ఇతివృత్తం చేసే పని అదే. మీరు అడగకపోతే ఈ కథ ఈడికి అయిపోయినట్టే."

ఆయన పెన్నుకు మూత పెట్టి, "సరేమ్మా, కానియ్. మేఘం ఏమనింది?" అన్నారు. రూతమ్మ అందుకుంది. ఈసారి వంతు లేకుండా అందరూ ఊ కొట్టారు. పక్క గదిలో కామర్స్ సార్ తలుపు వేసుకున్న చప్పుడు నాకు వినపడింది. పాఠం అయ్యాక విశ్వనాథం గారు పిల్లల్ని అటూ ఇటూ ప్రశ్నలు అడిగారు. ఇదే కథను తాబేలు చెబితే ఒకలా, మేఘం చెబితే ఒకలా ఎందుకుంటుందో వాళ్లు నోట్స్ లేకుండా చెప్పారు. దృష్టికోణం అనే మాట ఒక్కరు కూడా బట్టీ కొట్టినట్టు పలకలేదు.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారికి నేను గట్టిగానే తలంటు పోశాను.

సాయంత్రం పెనుకొండ స్టేషన్లో విశ్వనాథం గారూ నేనూ ఒకే ప్లాట్‌ఫారం మీద కలిశాం. ఆయన ధర్మవరం వైపు, నేను హిందూపురం వైపు. తరగతి నియంత్రణ అనే అంశంలో తాను మార్కులు తగ్గించానని, ఆ గోలకు తగ్గించక తప్పదని ముందే చెప్పేశారు. మిగతా అన్నిటిలో పూర్తి మార్కులు వేశారట. "ఎన్నో డెమోలు చూసినాను మేడమ్. తర్వాత ఏమైతాదని నేను నోరు తెరిచి అడిగింది మాత్రం ఈరోజే" అన్నారు. ఆయన రైలు ముందు వచ్చింది.

రూతమ్మకు ఆ ఏడాది, ఆ తర్వాతా ఉద్యోగం వచ్చింది. గార్మెంట్స్ పని మాట వాళ్ల నాయన మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె పీహెచ్‌డీ చేస్తోంది, శ్రోత గురించే. పేపరు కూడా నిలబడింది. ఏటా చేరే పిల్లలు తమ ఇళ్లల్లో కథ ఎట్లా వింటారో చెప్పడంతో ఆ పాఠం మొదలవుతుంది, అక్కడి నుంచి మిగతా దేశాలకు వెళుతుంది.

నాకు ఆ డెమో నేర్పింది రెండు సంగతులు. సాహిత్య ప్రక్రియను లక్షణాలతో మొదలుపెట్టి చెబితే అది పిల్లలకు పరాయిదిగానే మిగిలిపోతుంది. వినేవాళ్లు ఆ రూపాన్ని ఎట్లా అందుకుంటారన్న దగ్గర మొదలుపెడితే, ఏ దేశానిదైనా వాళ్లకు అందుతుంది. రెండోది నా వృత్తికి సంబంధించింది. మౌనంగా ఉన్న తరగతిలో పాఠం బాగా జరుగుతోందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను, అందరిలాగే. ఆ రోజు మౌనానికి కారణం భయమూ, ప్రేమా. పాఠం మాత్రం ఆగిపోయి ఉంది. రిటైరయ్యాక నన్ను కూడా అప్పుడప్పుడు ఎక్స్‌పర్ట్‌గా పిలుస్తున్నారు. మార్కుల కాగితంలో తరగతి నియంత్రణ అనే గడి ఇంకా ఉంది. దాన్ని నేను పీరియడ్ చివర, పిల్లలతో మాట్లాడాకే నింపుతాను.