సూర్యారావుగారి జీపుకి ఆయాసం

మా సూర్యారావుగారి లెక్కలో ఈ లోకంలో జరిగే ప్రతి పొరపాటూ గాలి చేసిందో, ఎండ చేసిందో, వాన చేసిందో. ఇంకెవరూ చెయ్యరు. సైకిలు పంచరైతే రాయ్‌పూర్ ఎండ. రేడియో గరగరలాడితే తూర్పు గాలి. వాళ్లావిడ శేషమ్మగారు ఓసారి పులుసులో ఉప్పు రెండుసార్లు వేసేసి, ఈయన ఏమంటారా అని గుమ్మంలో నిలబడి చూశారట. "మబ్బు పట్టింది గదా, ఉప్పుకి ఘాటెక్కింది" అని మజ్జిగ పోసుకుని లేచిపోయారు.

ఆయన రైల్వే వాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు, నేను అక్కడే గుమాస్తాని. రైల్వే కాలనీలో మావి పక్కపక్క క్వార్టర్లు. ఓ ఏడాది ఆయన కొత్త సైకిలు అడిగి పట్టుకెళ్లి, తాళం వెయ్యడం మరిచి, గోల్‌బజార్లో పోగొట్టుకొచ్చాను. తాళం వేశాననే చెప్పాను. "ఎండకి తాళాలు సాగిపోతాయోయ్, నువ్వేం చేస్తావ్" అన్నారు. ఇంత అమాయకుడేమిటా అని ఇంటికొచ్చి పడీపడీ నవ్వాను.

ఇక జీపు సంగతి. మా తెలుగువాళ్ల సేవాసంఘానికి మిలిటరీ వేలంలో కొన్న పాత జీపొకటి ఉండేది. అందులో నర్సు గంగాభవానిగారు చుట్టుపక్కల పల్లెలకి పురుళ్లు పొయ్యడానికి వెళ్లేవారు. డెబ్భయ్యేడు వానల్లో ఆరంగ్ అవతల నాలా దాటుతుంటే ఇంజను నీళ్లు తాగి ఆగిపోయింది. పాపం ఆవిడ మందులపెట్టె నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో నడిచి వెళ్లారు. తప్పెవరిదని సంఘం కూర్చుంటే సూర్యారావుగారు ఒక్కమాటలో తేల్చేశారు. "మహానది ఎగదన్నిందండి."

తేల్చి ఊరుకోలేదు. మరుసటేడు వానలకి ముందే ఒక ఇనపగొట్టం తెచ్చి, బానెట్ పక్కనుంచి కప్పుదాకా లేపి, ఇంజను పీల్చే గాలి అంత ఎత్తునుంచి వచ్చేట్టు బిగించారు. తొండం చూసి కాలనీ పిల్లలు జీపుకి గణేశ్ అని పేరు పెట్టేశారు. మొదటి వానకే గణేశ్ నాలా దాటేసింది. సూర్యారావుగారు కాలనీ అంతా రెండుసార్లు తిరిగొచ్చారు, పనేమీ లేకుండానే.

పది రోజులు గడిచేసరికి జీపుకి సత్తువ పోయింది. చదునులో బాగానే నడుస్తుంది, ఎత్తు కనిపిస్తే ఆయాసపడుతుంది. నల్లటి పొగ, కడవలకొద్దీ పెట్రోలు. ఓవర్‌బ్రిడ్జి మీద మనిషిని ఎక్కించుకున్న రిక్షావాడు బెల్లు కొట్టి మరీ దాటుకుపోయాడు. మందిర్ హసౌద్ దారిలో గంగాభవానిగారు దిగిపోయి, "నేను ముందు నడుస్తుంటాను, నువ్వు నిదానంగా రా నాయనా" అన్నారట డ్రైవరు దానయ్యతో.

"ఆషాఢం గాలి బరువెక్కువ. ఇంజను పీల్చలేకపోతోంది" అన్నారు సూర్యారావుగారు.

సంఘం కార్యదర్శి అప్పారావుగారికి ఒళ్లు మండింది. "అవతల ప్రాణాల మీదికొస్తుంటే ఈ గాలి కబుర్లేమిటండీ? ఆదివారం అందరి ముందూ విప్పి చూద్దాం. ఎవరి నిర్వాకమని తేలితే వాళ్లు మళ్లీ ఈ జీపు ముట్టుకోవడానికి వీల్లేదు."

ఆ మాటకి దానయ్య మొహంలో నెత్తుటిచుక్క లేదు. తిల్దాలో తను పనిచేసే రైస్‌మిల్లు మూతబడి ఎనిమిది నెలలు ఖాళీగా తిరిగి, ఈమధ్యనే ఈ స్టీరింగు పట్టుకున్నాడు. ఇంట్లో వాళ్లావిడ దాలమ్మకి నెలలు నిండాయి.

ఆదివారం కాలనీ అంతా చేరింది. సూర్యారావుగారు బోల్టులు విప్పి గొట్టం కిందకి దింపి, మోచేతిదాకా చెయ్యి పెట్టారు. అక్కడే ఆగిపోయారు. పక్కనున్నాను గనక నాకు కనిపించింది. లోపల ఎర్రగళ్ల గమ్ఛా తువ్వాలు. దానయ్య భుజం మీద ఎప్పుడూ ఉండేది అదే. పది రోజులుగా పాపం చొక్కా చేతికే చెమట తుడుచుకుంటున్నాడు. ఇప్పుడు నేల చూపులు చూస్తున్నాడు.

"అప్పారావుగారూ, ఆ మబ్బేమిటండీ, అలా ఉంది?" అన్నారు సూర్యారావుగారు.

అందరూ తలెత్తారు. నేనొక్కణ్ణే ఎత్తలేదు. అందరూ మళ్లీ తలలు దించేసరికి సూర్యారావుగారికి చొక్కాలో చిన్నపాటి బొజ్జ వచ్చింది.

"కందిరీగలండి. గొట్టంలో గూడు పెట్టి గాలి రాకుండా మూసేశాయి. వానాకాలం కదా."

"గూడేదీ?"

"గాలికి పోయింది."

అప్పారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఈలోగా సూర్యారావుగారు గొట్టం బిగించి, ఎనిమిదిమందిని జీపెక్కించి, ఓవర్‌బ్రిడ్జి మీదికి పోనిమ్మన్నారు. గణేశ్ ఒక్క ఊపున ఎక్కేసింది. ఇక అప్పారావుగారు అడగడానికేమీ మిగల్లేదు.

అందరూ వెళ్లాక షెడ్డు వెనక గమ్ఛా దానయ్య చేతిలో పెట్టారు. వాడు ఏడ్చినంత పని చేశాడు.

"తిల్దా రోడ్డు మీద మిల్లుల ఊక ఎగురుతాది గదా బాబూ. ఇంజను ముక్కులోకి పోతాదని నానే కుక్కీసినాను."

"నువ్వు కుక్కలేదురా. గాలికి ఎగిరొచ్చి పడింది."

"రెండు జానల లోపలికా బాబూ?"

"గట్టి గాలి" అన్నారు సూర్యారావుగారు. "ఊకకి గొట్టం మూతిమీద వైరు జల్లెడ బిగిస్తాలే. ఇంటికెళ్లి దాలమ్మని చూసుకో."

అప్పుడు వెలిగింది నాకు. ఇన్నేళ్లుగా ఆయన గాలిని తిట్టారు, ఎండని తిట్టారు, మహానదిని కూడా వదల్లేదు. మనిషి పేరు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. శేషమ్మగారు టీ ఇచ్చి లోపలికి వెళ్లేదాకా ఆగి, "ఆ సైకిలుకి నేను తాళం వెయ్యలేదండీ" అన్నాను.

"తెలుసోయ్" అన్నారు టీ ఊదుకుంటూ. "తాళం చెవి ఆ రోజంతా నా జేబులోనే ఉంది. నీకివ్వడం మరిచిపోయాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమండీ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"అప్పట్లో ఎండలు అలా ఉండేవి" అన్నారు.