పెంకులో పోసిన గ్యాసునూనె

మా అత్తమ్మ పోయింది. వనపర్తిలో మా వీధివాళ్లకు ఆ మాట చెప్పినప్పుడు ఒకామె, "నిజంగనే పోయిందా? జర మల్ల చూసిన్రా?" అని అడిగింది. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. అది అచ్చంగా మా అత్తమ్మ అడగవలసిన ప్రశ్న.

ఆమె దేన్నీ ఒక పట్టాన నమ్మేది కాదు. కుండ కొంటే వేలితో కొట్టి, చెవి ఆనించి విని, మళ్లీ కొట్టేది. దవాఖాన మందును వాసన చూసి, తర్వాత ఇచ్చినవాడి మొహం చూసేది. "ఊకె నవ్వుతుండంటే ఏదో అంటగట్టనీకె వచ్చిండు" అనేది. కాపురానికి వచ్చిన కొత్తలో నా బట్టల మూట కూడా విప్పి చూసిందని నాకిప్పటికీ అనుమానమే.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం లాంతర్లలో పోసే గ్యాసునూనె మీద, అదే కిరసనాయిలు మీద. ఆ పాపం మా తమ్ముడిది. వాడు కొత్తకోటలో లారీలు బాగుచేస్తాడు. ఒకసారి మా ఇంటికొచ్చి తనకు తెలిసిందంతా చెప్పాడు.

"భూమిలకెల్లి నల్లటి నూనె తీస్తరు అత్తమ్మా. పెద్ద బట్టీల కాగబెడితే ఆవిరి లేస్తది. అన్నిటికంటె తేలికది పైదాక పోయి చల్లారితే పెట్రోలు. దాని కింద మన గ్యాసునూనె. ఇంక కింద ఇంజన్లకు పోసేది. అడుగున మిగిలేది రోడ్డుకేసే తారు."

అత్తమ్మ చింతపండు పిసకడం ఆపింది. "అన్ని ఒక్క కడుపుల పుట్టినయే గద అల్లుడా. ఏరుపడ్డయి మల్ల కలవయని నీకెవడు చెప్పిండు?"

అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వకుండా, పెట్రోలుకూ గ్యాసునూనెకూ తేడా ఎలా తెలుస్తుందో వాడి దగ్గరే కూపీ లాగింది. అప్పటినుంచి కొత్త డబ్బా వస్తే పెరట్లో పెంకులో కాస్త పోసి, దూరంగా నిలబడి మండే పుల్ల దగ్గరికి తెచ్చేది. గ్యాసునూనె వత్తి లేకుండా తొందరగా అంటుకోదు. పెట్రోలు కలిస్తే పుల్ల తగలకముందే భగ్గుమంటుంది.

యుద్ధం రోజుల్లో గ్యాసునూనె దొరకడమే గగనమైంది. తమ్ముడు ఎక్కడో సంపాదించి ఒక డబ్బా పంపాడు. పొద్దు గూకుతోంది. మా పసిపిల్ల లాంతరు పక్కనే ఉయ్యాలలో నిద్రపోతోంది. మా ఆయన లాంతరు మూత తీశారు. అత్తమ్మ పెంకు తీసింది. నాకు ఒళ్లు మండింది.

"మా తమ్ముడు పంపింది గూడ చూస్తవా అత్తమ్మా?"

"నీ తమ్ముణ్ని చూస్తలేను పిల్లా. డబ్బాను చూస్తున్న."

వెంట వెళ్లాను, ఆమె ఓడిపోతే చూద్దామని. పుల్ల ఇంకా పెంకును తాకనే లేదు. మంట ఎగిరొచ్చి దాన్ని పట్టుకుంది. నేను వెనక్కి గెంతాను. అత్తమ్మ తడిగోనె కప్పి మంట ఆర్పింది. నా మొహం చూసి చేయి పట్టుకుంది.

లోపలినుంచి మా ఆయన ఏమైందని అడిగారు.

"ఏం గాలేదు, డబ్బాల నీళ్లు వడ్డయి. ఇయ్యాల ఆముదం దీపమే పెట్టుకుందాం" అంది.

జన్మలో నేను విన్న ఆమె అబద్ధం అదొక్కటే. తెల్లారి తమ్ముణ్ని పిలిపించి పెరట్లోకి తీసుకెళ్లింది. పెట్రోలు అడుగున మిగిలిన డబ్బాలోనే ఎవడో గ్యాసునూనె పోసి అమ్మాడట. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆ డబ్బా నా పుట్టింటివాళ్లు పంపిందేనన్న మాట ఆమె నోట ఒక్కనాడూ రాలేదు. మా ఆయనకు కూడా ఈ సంగతి ఇది చదివాకే తెలుస్తుంది. ఆమె నన్ను కాచింది. నా బిడ్డను, నా పరువును కాచింది.

పెద్దకర్మనాడు దీపాలకని తమ్ముడు గ్యాసునూనె తెచ్చాడు. ఎవరూ అడగకముందే పెరట్లోకి పోయి పెంకు వెతికాడు.

"అమ్మ లేదు గదరా, ఇంకెవరికి చూపిస్తవు?" అన్నారు మా ఆయన.

తమ్ముడు పెంకులో పోసి మండే పుల్ల దగ్గరికి తెచ్చాడు. నూనె అంటుకోలేదు. పుల్ల ముంచితే చుయ్యిమని ఆరిపోయింది. ఆ ఆరిన పుల్లను పైకెత్తి పట్టుకుని, అత్తమ్మ కూర్చునే గడప వైపు చూపిస్తూ వాడు అలాగే నిలబడ్డాడు.