ఇయ్యాల పొద్దున ఏమైందో చెప్పు

నా భార్య గత నెలలో చనిపోయింది. ఆసుపత్రి కింది అంతస్తులో మందుల వరుసలో నిలబడి ఉండగా, పైకి రమ్మని వార్డు నుంచి ఫోన్ వచ్చింది. సంగతి ఆ గొంతులోనే తెలిసింది. మందులు తీసుకోకుండానే వెళ్లాను. తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన చివర ఆమె పేరు చదివారు. ఆమెతో పనిచేసినవాళ్లు నాలుగు మాటలు రాయమన్నారు. రాస్తున్నాను.

ఆమె రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌లో, ఫిర్యాదులు మొదట వచ్చే సెక్షన్‌లో అధికారి. ఫిర్యాదు నిజమా, అబద్ధమా అని తేల్చడం ఆమె పని కాదు. విచారణకు తీసుకోవచ్చా, లేదా అని చూసి పైకి పంపడమే. జరిగి ఏడాది దాటితే చెల్లదు. అదే విషయం కోర్టులో నడుస్తుంటే చెల్లదు. పేరు లేకపోతే చెల్లదు. తప్పు చేసింది ప్రభుత్వ ఉద్యోగి కాకపోతే చెల్లదు. తలుపు దగ్గర కూర్చునే పని అనేది ఆమె.

ఒక సాయంత్రం ఆమెను తీసుకురావడానికి వెళ్లి సెక్షన్‌లో బల్ల మీద కూర్చున్నాను. బోయిన్‌పల్లి మార్కెట్లో కొని, తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే ఒకామె వచ్చి ఉంది. రోడ్డు మీద బండి పెట్టిందని పోలీసులు ఆమెను చెంప మీద కొట్టి బండి తీసుకుపోయారు. గుమాస్తా కాగితం తిరగేసి, ఏడాది దాటింది, టైమ్ బార్, వాపస్ చేయాలె అన్నాడు.

"ఏడాది అయితే దెబ్బ మాఫీ అయితదా మేడమ్?" అని ఆమె మా ఆవిడను అడిగింది.

మా ఆవిడ కుర్చీ చూపించి, కూర్చున్నాక అంది: "కొట్టిన సంగతి నేను తీస్కోలేనమ్మా. అది పోనీ. ఇయ్యాల పొద్దున ఏమైందో చెప్పు."

"ఇయ్యాల ఏమైతది? ఠాణా ముంగట్కెల్లి నడ్సుకుంట వచ్చిన. నా బండి ఆడనే ఉన్నది. అడిగితే రేపు రా అన్నరు. ఎప్పుడడిగినా గదే మాట. బండి మీద ఎవలో బనీన్లు ఆరేసిండ్రు."

"అది రాయించినవా?"

"బనీన్ల సంగతి సుత రాయాల్నా?"

"బండి ఇంకా ఇయ్యలేదని రాయించు. ఇయ్యనంత కాలం ఆ తప్పు రోజూ కొత్తగ జరుగుతున్నట్టే. పాతబడదు."

తాను మాత్రం కలం ముట్టలేదు. ఫిర్యాదు రాసి పెట్టడం ఆమె నియమానికి విరుద్ధం. అడగడం వరకే. ఎవరు వచ్చినా ఆమె మొదటి ప్రశ్న అదేనని, జనం మొదటి నుంచి చెప్పుకొస్తారు, తను మాత్రం చివరి నుంచి వింటుందని గుమాస్తా తర్వాత నాతో అన్నాడు.

స్కూటర్ మీద అల్వాల్‌లో మా ఇంటికి వచ్చాం. గేటు తీస్తూ, "బండి సంగతి లోపలికి వచ్చింది. దెబ్బ బయటనే ఉండిపోయింది," అంది. ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదు.

కమిషన్ సంజాయిషీ అడిగాక ఠాణావాళ్లు బండి ఇచ్చేశారు. దెబ్బ సంగతి ఎవరూ అడగలేదు.

ఇంట్లోనూ అవే నిబంధనలు. మా నిశ్చితార్థంలో వాళ్ల అన్నయ్య అన్న ఒక మాట నేనెప్పుడు ఎత్తినా, "టైమ్ బార్," అనేది. "పైగా మీ అక్కకు చెప్పుకున్నరు కద. రెండు దిక్కుల చెల్లదు." ఒకసారి స్నానాల గది నల్లా కారుతోందని ఆమె అంటే నేనూ అదే అన్నాను: ఏడాది దాటింది, చెల్లదు. "ఇయ్యాల పొద్దున సుత కారింది," అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజే వాషర్ మార్పించాను. కొన్నాళ్లకు మళ్లీ మొదలైంది.

మొన్న ఆ కూరగాయలామె గేటు ముందు బండి ఆపింది. ఆఫీసుకు పోతే మా ఆవిడ పోయిన సంగతి, ఇల్లు ఎక్కడో చెప్పారట. లోపలికి రమ్మంటే, బండి విడిచి రాను అంది. ఇద్దరం గేటుకు అటూ ఇటూ నిలబడ్డాం.

"ఆ దెబ్బ సంగతి ఆమె మర్చిపోలేదమ్మా," అన్నాను.

"నేను సుత మర్వలే సారూ."

కొత్తిమీర మీద నీళ్లు చల్లింది. తర్వాత, తల ఎత్తకుండానే అడిగింది: "ఇయ్యాల పొద్దున ఏమైంది?"

ఆ ప్రశ్న ఈ నెలలో నన్నెవరూ అడగలేదు. అందరూ ఎట్లా జరిగిందనే అడిగారు.

"నల్లా కారింది," అన్నాను.

"బాగు చేయిస్తలేవా?"

"చేయిస్త. ఇప్పుడే కాదు."

ఆమె తల ఊపింది. బండి తిప్పుకుని వెళ్లింది. ఠాణాలో ఎండకూ వానకూ నిలబడి ఒక చక్రం వంకర పోయింది, అందుకని బండి ఎడమకు లాగుతుంది. పక్క చెక్క మీద, అక్కడివాళ్లు తెల్ల రంగుతో వేసిన నంబరు ఇంకా ఉంది. ఆమె దాన్ని గీకేయలేదు. సందు మలుపు తిరిగేదాకా ఆ తెల్లటి అంకెలు కనిపిస్తూనే ఉన్నాయి.