కుట్లు బయటికి ఉన్న గౌను

జూన్ పన్నెండు, శుక్రవారం. సిరొంచలో మా పక్కింట్లో బట్టలు కుట్టే ఖాలా మొన్న పొద్దున కన్నుమూసింది. ఖాలా అంటే పిన్ని. వీధంతా అలాగే పిలిచేది. ఆమె మిషన్ మీద నా మనవరాలి గణవేశ్, అంటే బడి దుస్తులు, ఒక చెయ్యి అతకకుండా మిగిలింది. బడి తెరవడానికి పద్దెనిమిది రోజులున్నాయి. అవి లేకపోతే పాప బడికి పోవడం కుదరదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పాపకు ఎనిమిదేళ్లు. మాటలు తక్కువ. ఆటిజం అని డాక్టరు చెప్పాడు. బట్టల లోపలి కుట్టు ఒంటికి తగిలితే ముల్లు గీసినట్టే. విప్పి పారేసి, గోడకు తల ఆనించి ఏడ్చేది. మొండితనం నేర్పావని కోడలిని కసిరినవాళ్లలో నేను మొదటిదాన్ని. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. తప్పు కనబడితే ఊరుకోలేను.

ఖాలా మొదటి గౌను కుట్టి పంపితే కుట్లన్నీ బయటికి ఉన్నాయి. తిప్పి పంపాను. మర్నాడు అలాగే తిరిగొచ్చింది. ఈసారి నేనే పట్టుకుపోయాను.

"తిరగేసి కుట్టినవేంది?"

"నీకు తిరగేసినట్టున్నది బాయీ, పోరికి గిదే సీద. జర లోపట చెయ్యి పెట్టి చూడు."

బాయి అంటే ఇక్కడ పంతులమ్మ. చెయ్యి పెట్టాను. ప్రాణహిత నీళ్లలో ముంచినట్టు, ఎక్కడా ఏదీ తగలలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో లెక్క లేదు. నాకు లెక్క తప్పిన సమయం అదొక్కటే.

ఖాలా నవ్వింది. "నీ మాటలకు గూడ కుట్లు లోపటికే ఉన్నయ్. కోడలికి గుచ్చుతున్నయ్. జర తిరగెయ్."

తర్వాత మా మధ్యాహ్నాలు ఆమె అరుగు మీదే గడిచాయి. పాత చీరల ముక్కలను పాప ఒక్కొక్కటే చెంపకు ఆనించుకునేది. వదలని ముక్క ఏదో, దానితోనే గౌను. కొత్త బట్టయితే ఏడుసార్లు ఉతికి ఆరేసేది ఖాలా. నన్ను ఒకటే అడిగింది: "ఎందుకేడ్చిందని అడగకు. ఏ బట్ట మీదున్నది, ఎంతసేపున్నది, గది రాయి."

రాశాను. మొదటి పేజీలో నాలుగు నిమిషాలు. నాలుగో నోటుబుక్కు చివరి పేజీలో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. జిమల్‌గట్ట నుంచో ఆష్టి నుంచో ఇలాంటి పిల్లల తల్లులు వస్తే ఖాలా ఆ నోటుబుక్కులనే ముందు పెట్టేది. మిషన్ చప్పుడు, తీగ మీద ఎండలో కదిలే ముక్కలు, కళ్లు సగం మూసి ఊగే పాప... తలుచుకుంటే అన్నీ ఒకే నీళ్లలో తేలుతున్నట్టుంటాయి.

ఇక జరగవలసినవి:

1. ఖాలా కూతురిని అడిగి గణవేశ్ తెచ్చుకోవాలి. మిగిలిన చెయ్యి నేనే అతకాలి. లోపల చెయ్యి పెట్టి చూసేది కోడలు, నేను కాదు.

2. బడి తెరవకముందే వెళ్లి, కుట్లు బయటికి ఉండడం తప్పు కాదని అక్కడి పెద్ద బాయికి, అంటే హెడ్మాస్టరమ్మకు, చెప్పాలి. గుచ్చకుండా చెప్పాలి.

3. నోటుబుక్కులు మా అరుగు మీద ఉంచాలి. ఇలాంటి బిడ్డ ఉన్న తల్లి ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

4. ఖాలా ఊరికి పోయిందని పాపకు అబద్ధం చెప్పకూడదు. ఈ సాయంత్రం కూడా పాప ఆ ఇంటి పరదాకు చెంప ఆనించి, మిషన్ చప్పుడు కోసం నిలబడి ఉంది. వెళ్లి పక్కన నిలబడాలి. రమ్మని తొందరపెట్టకూడదు.