తాకట్టులో మీసం

ఏమైంది మామకి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరైనా నోరు జారి ఆయన ముందు ఒక మాట ఇచ్చారో, అది నిలబెట్టుకునేదాకా వాళ్ళని బతకనిచ్చేవాడు కాదు. ఎదురుపడ్డ ప్రతిసారీ "అన్నావుగా, మరి ఏమైంది?" అని అడిగేవాడు. కోపంగా కాదు, వెటకారంగానూ కాదు. ఒంట్లో ఎలా ఉందని పలకరించినంత మర్యాదగా అడిగేవాడు. ఆ మర్యాదకే మనిషి సగం చచ్చేవాడు.

ఆయనకి నాలుగు రోడ్ల మూల ఒక సెలూను ఉండేది. పెద్ద అద్దం, రెండు కుర్చీలు. అందులో ఒకటి కుంటిది. గడ్డానికి నురగ రాయించుకుంటూ ఊరికే కూర్చోవడం ఎవరి తరం? ఏదో ఒకటి అంటారు. ఓసారి పక్క కొట్టు టైలరు, ఈ ఆదివారం మా ఆవిణ్ణి సినిమాకి తీసుకెళ్తానన్నాడు. అన్నవాడు అక్కడే మర్చిపోయాడు. సోమవారం పొద్దున్నే ఎవరిదో నడుం కొలుస్తుంటే గుమ్మంలో మామ ప్రత్యక్షమయ్యాడు.

"సినిమా అన్నావుగా, మరి ఏమైంది?"

"కుదర్లేదు మామా. వచ్చే వారం చూద్దాం."

"సరే, వచ్చే వారం అన్నావు."

ఆ వచ్చే వారం టైలరు తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళాక కూడా మామ వచ్చి ఇంటర్వెల్లో ఏం కొనిపెట్టావని అడిగాడు. టైలరు పెళ్ళాం మాత్రం ఆ రోజు నుంచీ మామని సొంత అన్నలా చూసుకుంది.

మామ భార్య కూడా తక్కువదేం కాదు. "ఆ కుంటి కుర్చీ బాగుచేయిస్తానన్నారుగా, మరి ఏమైంది?" అని అందరి ముందూ నిలదీసేది. మామ అద్దంలోకి చూసుకుంటూ, "నేనూ రోజూ వీణ్ణి అదే అడుగుతున్నానే, చెప్పి చావడం లేదు," అనేవాడు.

ఇంతవరకూ అందరికీ నవ్వులాటే. నవ్వు రానివాడు ఒక్క వార్డు మెంబరు.

మెంబరుకి మంచి మీసం ఉండేది. ఒత్తుగా, కొసలు మెలితిరిగి, ముందు అది వచ్చి ఆ వెనక మనిషి వచ్చాడా అనిపించేది. మీ నాన్న నీకు ఇచ్చిన ఆస్తి అదొక్కటేరా అని వాళ్ళమ్మ మురిసిపోయేది. ఆ ఆస్తిని కిందటి ఎన్నికల్లో నడిబజారులో పందెం కాశాడు పాపం.

అదెలా జరిగిందంటే, వాళ్ళ పార్టీ పెద్దాయన నాలుగు రోడ్ల దగ్గర వేదికెక్కి ఆస్పత్రులన్నీ సంస్కరిస్తామన్నాడు. మమ్మల్ని గెలిపిస్తే ఏడాది తిరక్కుండా ప్రతి పేటలోని ఆస్పత్రిలోనూ రోజూ సాయంత్రం డాక్టరు కూర్చుంటాడన్నాడు. జనంలోంచి ఏమైంది మామ లేచి, "కూర్చోకపోతే?" అని అడిగాడు. పెద్దాయన చిరునవ్వు నవ్వి పక్కకి చూశాడు. పక్కన మెంబరున్నాడు. కొత్త రక్తం, ఎదురుగా మైకు. "కూర్చోకపోతే ఇదే రోడ్డు మీద సగం మీసం తీయించుకుంటా," అనేశాడు. చప్పట్లు మారుమోగాయి. పెద్దాయన భుజం తట్టాడు. పెద్దాయనకి అసలు మీసమే లేదన్న సంగతి అప్పుడెవరికీ తోచలేదు.

పార్టీ గెలిచింది. ఆస్పత్రికి కొత్త రంగు పడింది, కొత్త బోర్డు పడింది. సంస్కరణ బోర్డు దాకా వచ్చి ఆగిపోయింది. సాయంత్రమైతే తలుపుకి తాళం, తాళం పక్కన ఒక కాపలావాడు. ఆయాసంతో ఎవరొచ్చినా, "డాక్టరుగారిని వేస్తున్నారటండీ," అనేవాడు. ఎవరు వేస్తున్నారో, ఎప్పుడు వేస్తున్నారో వాడికీ తెలీదు.

మెంబరు ఊరుకున్నాడని కాదు. మొదట్లో పెద్దాయన ఇంటి చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. పని జరుగుతోందయ్యా అనేవాడాయన. ఆ మాట నమ్మి తెచ్చి జనానికి చెప్పేవాడు మెంబరు. తర్వాత తర్వాత నమ్మకుండానే తెచ్చి చెప్పేవాడు. ఆఖరికి చెప్పడం కూడా మానేసి సందుల్లోంచి నడవడం మొదలెట్టాడు. ఓట్లడిగిన నోళ్ళు చాలా ఉన్నాయి గానీ, తిట్టడానికి జనానికి చేతికందేది మెంబరొక్కడే. అద్దాలెత్తిన కారుని ఎవరు ఆపగలరు?

సందుల్లో నడిచినా మామ వదిలేవాడు కాదు. మెంబరు చొక్కా కనబడితే చాలు, గీస్తున్న గడ్డం గీస్తున్నట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు.

"డాక్టరు అన్నావుగా అల్లుడూ, మరి ఏమైంది?"

"పని జరుగుతోంది మామా."

"సరే. మీసం జాగ్రత్త."

ఆయన వెనకాలే చెంపల నిండా నురగతో ఎవరో ఒకరు నిలబడి, తొందరగా తేల్చండి ఎండిపోతోందని గోల పెట్టేవారు. పైగా వారంలో కొన్ని సాయంత్రాలు మామ ఉన్నట్టుండి కత్తి కింద పెట్టి, "అయిదు నిమిషాల్లో వస్తా," అని స్కూటరెక్కి మాయమయ్యేవాడు. గంటకి గానీ వచ్చేవాడు కాదు. పార్టీ ఆఫీసుకి మెంబరుని నిలదీయడానికి వెళ్ళాడని వీధంతా అనుకునేది. మెంబరూ అదే అనుకుని, ఆ వేళకి ఆఫీసు వెనక గుమ్మంలోంచి జారుకునేవాడు.

"ఆ ముసలాడికి నా మీద పగే అమ్మా," అని ఓ రోజు అన్నం దగ్గర వాపోయాడు.

"అతన్నేమీ అనకురా," అంది వాళ్ళమ్మ.

"నువ్వూ అతని వైపేనా?"

ఆవిడ కాస్త ఊపిరి తీసుకుని, కొంచెం మజ్జిగ పోసుకోమంది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మెంబరు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగక తప్పింది కాదు. నాలుగు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి జనం చుట్టుముట్టారు.

"ఓటు సంగతి తర్వాత. ముందు మీసం," అన్నాడు టైలరు.

ఇస్త్రీ చేసే ఆవిడ ముందుకొచ్చింది. "ఆ తాళం ముందు కూర్చుని ఊపిరాడక ఎన్ని సాయంత్రాలు ఏడ్చానో నీకు తెలుసా బాబూ? నిన్ను చూసి ఓటేశాను నేను," అంది. ఆ మాటకి మెంబరు తల ఎత్తలేకపోయాడు.

రెక్క పట్టుకుని తీసుకెళ్ళి సెలూన్లో కుంటి కుర్చీలో కూలేశారు. గుమ్మం నిండా జనం, జనం చేతుల్లో ఫోన్లు. మామ మెంబరు మెడకి గుడ్డ చుట్టాడు. బ్రష్షు తడిపి మీసం కుడి సగానికి నిదానంగా నురగ పట్టించాడు. కత్తికి కొత్త బ్లేడు వేశాడు. మెంబరు కళ్ళు మూసుకున్నాడు. నాన్న గుర్తొచ్చాడు. రేపు వీధిలో ఎలా నడవాలో, అమ్మకి మొహం ఎలా చూపించాలో అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"తమ్ముడూ, ఇంకా కాలేదా? వేళ మించిపోతోంది."

మెంబరు కళ్ళు తెరిచాడు. చేతిలో సంచీతో, వగరుస్తూ వాళ్ళమ్మ నిలబడి ఉంది. కుర్చీలో ఎవరున్నదీ ఆవిడ ఇంకా చూసుకోలేదు.

"ఎక్కడికి వేళ మించిపోతోందమ్మా?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది, కొడుకు మీసం మీది నురగ చూసింది. ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు.

"పెద్దాస్పత్రికిరా. ఆయాసానికి ఆవిరి పట్టించుకోవాలి. ఇక్కడ డాక్టరు లేడు కదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళే అయింది. తమ్ముడే స్కూటరు మీద తీసుకెళ్తున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వేమో డాక్టరు వస్తాడు వస్తాడని ఊరంతా చెప్పుకు తిరిగేవాడివి. కన్నతల్లే వేరే ఆస్పత్రికి పోతోందంటే నీ మాట ఎవరు నమ్ముతారురా?"

ఎత్తిన ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. మెంబరు అద్దంలోంచి మామ వైపు చూశాడు. "నువ్వయినా చెప్పొచ్చుగా మామా. రోజూ ఎదురుపడి ఇంకేదో అడిగేవాడివి."

"అక్కయ్య చెప్పొద్దంది. చెప్పనని మాటిచ్చాను," అన్నాడు మామ. "అందుకే అడగడంతో సరిపెట్టుకున్నా."

టైలరే గొంతు సవరించుకుని, "పోనీ వదిలెయ్ మామా," అన్నాడు.

"వదలడమేంటి?" అన్నాడు మామ. తువ్వాలు తీసి మీసం మీది నురగ తుడిచేశాడు. కత్తెర అందుకుని కొసలు సరిచేయడం మొదలెట్టాడు. "ఇది గీసేస్తే నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తుంది. వీడు మాట చెల్లించేశాననుకుంటాడు, పైన ఆయన గండం గడిచిందనుకుంటాడు, మనం కూడా కసి తీరిందని ఇంటికెళ్ళి పడుకుంటాం. డాక్టరు మాత్రం రాడు. నాకు కావలసింది డాక్టరు. అప్పటిదాకా ఈ మీసం మన దగ్గర తాకట్టు. తాకట్టు సరుకుని ఎవరైనా పాడు చేసుకుంటారా? ప్రతి శనివారం రా అల్లుడూ, ఊరికే దిద్దిపెడతా. అడగాల్సింది అందరం అప్పుడే అడుగుతాం."

మెంబరుకి నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళ నీళ్ళూ వచ్చాయి. "నేనూ పెద్దాయన్ని అడగాలి మామా. కానీ తాకట్టు పెట్టుకుందామంటే ఆయనకి మీసం కూడా లేదే."

"అందుకే కదా నీది పెట్టించాడు," అన్నాడు మామ.

గుమ్మం దగ్గర అందరికంటే ముందు నవ్వింది ఇస్త్రీ ఆవిడ. ఆ సాయంత్రం మెంబరే తల్లిని స్కూటరు మీద తీసుకెళ్ళాడు, మూతి పక్కన మిగిలిన కాస్త నురగతోనే.

ఆ వారమే పెద్దాయన మళ్ళీ వేదికెక్కాడు. ఈసారి డాక్టరుతో పాటు నర్సు కూడా అన్నాడు. చప్పట్ల కోసం ఆగిన చోట, పక్కనుంచే ఒక గొంతు మైకులో ఎంతో మర్యాదగా వినిపించింది.

"అయ్యా, కిందటిసారి అన్నారుగా, మరి ఏమైంది?"

పెద్దాయన బిత్తరపోయి, మంగలి ముసలాయన ఎక్కడున్నాడా అని జనంలో వెతికాడు. వేదిక మీద, తన పక్కనే, దిద్దిన మీసంతో మెంబరు నిలబడి ఉన్నాడు. జవాబు వినేదాకా మైకు వదిలేలా లేడు.

మామ ఆ సభకి రాలేదు. ఇస్త్రీ ఆవిణ్ణి ఎక్కించుకుని పెద్దాస్పత్రి దారిలో ఉన్నాడు. సెలూన్లో మాత్రం కుంటి కుర్చీలో ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగగా టైలరు కూర్చుని ఉన్నాడు. అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పి వెళ్ళాడు మరి మామ. తిరిగొచ్చాక ఏమని అడగాలో టైలరు ఎప్పుడో సిద్ధం చేసుకున్నాడు.